ఇంటి యెలుకలు, పందికొక్కులు: వాని నివారణము



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చిన్నదిగానే కనబడును. ఎలుకను గూర్చి గ్రామములలోని పెద్దలకు క్రొత్తగా చెప్పవలసిన దేమున్నదని మీలో కొందరికి తోచవచ్చును. బోనులు మన యిండ్లలో లేకపోలేదు; పిల్లులు లేకపోలేదు; సంతలో ఎలుకల మందు అమ్మువారును లేకపోలేదు. అయినను ఏటికేడు ఎలుకలు మాత్రము తగ్గుట లేదు. దీనికి కారణమేమి? నివారణోపాయమేమి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానమే నా ప్రసంగము.

మొదట మన యింటిచుట్టు తిరుగు జంతువు ఏదియో గుర్తింపవలెను. ఎలుక లన్నియు ఒకటి కావు. దూలములమీదను, తాటాకు కప్పులలోను, అటకమీదను తిరుగునది ఇంటి యెలుక. దాని తోక శరీరముకంటె పొడవైనది. చెట్టెక్కుటలోను, త్రాటిమీద నడచుటలోను దానికి సాటి లేదు. రెండవది చిట్టెలుక. ఇది బస్తాల సందులలోను, పెట్టెల వెనుకను, బట్టల మడతలలోను కాపురముండును. మూడవది పందికొక్కు. దీని వెండ్రుకలు బిరుసు. తోక శరీరముకంటె పొట్టి. ఇది నేలను త్రవ్వును. గోడల పునాదులక్రింద కలుగులు చేయును. కోపము వచ్చినప్పుడు పందివలె గుర్రుమనును. వీనిలో పెద్దజాతివి ఒక్కొక్కటి కిలో వరకు తూగును. ఇంగ్లీషువారు దీనిని ‘బాండికూట్’ అందురు. ఆ మాట మన ‘పందికొక్కు’ నుండి పోయినదే. తరువాత ఆస్ట్రేలియాలోని వేఱొక జంతువునకు కూడ వారు ఆ పేరే పెట్టిరి. ఇట్లు మన పల్లెటూరి మాట ఖండాంతరములు దాటినది. జంతువు మాత్రము మన గోడ క్రిందనే యున్నది!

నాలుగవ దొకటి కలదు. పొడవైన మూతి, చిన్న కన్నులు, కీచుమను కూత, దుర్గంధము గల చుంచెలుక. ఇది నిజముగా ఎలుకజాతిలోనిది కాదు. ధాన్యము దీని ముఖ్యాహారము కాదు. బొద్దింకలను, పురుగులను తిని బ్రదుకును. కావున బోనులో చుంచెలుక పడినచో దానిని చంపక పెరటిలో విడిచివేయుట మేలు.

ఇక నష్టము మాట. ఎలుక దినమునకు తన బరువులో సుమారు పదియవ వంతు తినును. రెండువందల గ్రాముల యెలుకకు దినమునకు ఇరువది గ్రాములు. ఏడాదికి ఏడు కిలోలకు పైమాట. ఇంటిలోను, దొడ్డిలోను కలిపి ఇరువది యెలుకలున్నచో ఏడాదికి నూట నలువదియాఱు కిలోలు, అనగా రమారమి రెండు బస్తాల ధాన్యము. ఇది తిన్న లెక్క మాత్రమే. పెంటికలు, మూత్రము, వెండ్రుకలు కలిసి పాడైనది దీనికంటె ఎక్కువ. పందికొక్కు తినుటయే గాక కలుగులోనికి వెన్నులు మోసికొనిపోయి దాచుకొనును. మఱియు ఎలుక ముందరి పండ్లు బ్రదికినన్నాళ్లు పెరుగుచునే యుండును. వానిని అరుగదీసికొనుటకు అది ఏదో యొకటి కొరుకకతప్పదు. బట్టలు, పుస్తకములు, తలుపుచెక్కలు సరే. విద్యుత్తు తీగల పైపొరను కొరికినప్పుడు ఇల్లే అంటుకొనవచ్చును.

ధాన్యము పోయిన మరల పండించుకొనవచ్చును. ప్రాణముల మాట అట్లు కాదు. 1896లో బొంబాయిలో పుట్టిన ప్లేగు మన దేశమున లక్షలకొలది ప్రజలను పొట్టపెట్టుకొన్నది. ఇంటిలో ఎలుకలు రాలిపడిన వెంటనే ఇల్లు విడిచి ఊరి వెలుపల పాకలలో కాపురముండవలెనని ఆ కాలమువారు అనుభవముచే నేర్చుకొనిరి. ఆ తెగులును ఎలుకనుండి మనుష్యునకు తెచ్చునది ఎలుక మీది గోమారియని 1898లో సైమండ్ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనెను. ఎలుక చచ్చి చల్లబడగానే గోమార్లు వెచ్చని శరీరమును వెదకికొనుచు మనుష్యులపైకి దుమికును. 1994లో సూరతు పట్టణమున ప్లేగు భయము మరల తల యెత్తినది. నేడు మన పల్లెలలో ఎక్కువగా చూడవలసినవి మఱి రెండు జ్వరములు. ఒకటి ఎలుక మూత్రము కలిసిన బురదనీటిలో, పుండ్లు పగుళ్లు గల కాళ్లతో నడచువారికి వచ్చు ఎలుక జ్వరము. రెండవది ఎలుకలపై బ్రదుకు నల్లులవంటి సూక్ష్మపు పురుగులు కుట్టుటవలన వచ్చు స్క్రబ్ టైఫస్. ఇందులో చాలమందికి కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని మచ్చ యేర్పడును. ఈ రెంటికిని మంచి మందులు గలవు, ఆలస్యమే అపాయము.

అన్నిటికంటె ముఖ్యమైనది పాము. నాగుపాము గాని, రక్తపింజరి గాని మన మీది పగతో మన యింటికి రాదు. ఎలుక యున్నచోటికి అది ఆహారముకొఱకు వచ్చును. 2000 నుండి 2019 వరకు ఇరువది సంవత్సరములలో మన దేశమున పాముకాటువలన సుమారు పండ్రెండు లక్షలమంది చనిపోయిరని 2020లో ప్రకటితమైన యొక పరిశోధన అంచనా వేసినది. వీరిలో అధికసంఖ్యాకులు పల్లెలవారే. ఈ మరణములు ఎక్కువగానున్న రాష్ట్రములలో ఆంధ్రదేశము కూడ చేరియున్నది. కావున వడ్లబస్తాల ప్రక్క పిల్లలను పరుండబెట్టిన తల్లి ఎలుకకు మాత్రమే గాక, దానికై వచ్చు పామునకు కూడ దారి యిచ్చినట్లే.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదను. బోనులు పెట్టినను ఎలుకలు తగ్గవేల? ఆడ ఎలుక మూడు వారములు మోసి, ఒక్క కాన్పులో ఆరేడు పిల్లలను పెట్టును. ఆ పిల్లలు మూడు నెలలు తిరుగక పూర్వమే తామును పిల్లలు పెట్టుటకు సిద్ధమగును. మీ యింటిలో ఇరువది యెలుకలకు చాలిన తిండి యున్నదనుకొనుడు. బోనులతో పదునైదింటిని పట్టితిరి. అంతకు ముందు ఇరువదింటికి సరిపోయిన తిండి యిప్పుడు అయిదింటికి దొరకును. తల్లులు పుష్టిగా నుండును. పిల్లలు ఎక్కువగా బ్రదుకును. ప్రక్క యింటివి వచ్చి ఖాళీయైన కలుగులలో చేరును. కొలది నెలలలో మరల ఇరువదియే! ఇంటిలో ఎన్ని యెలుకలుండవలెనో నిర్ణయించునది బోను కాదు. మనము విడిచిపెట్టు తిండియు, మనమిచ్చు చోటును. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొన్నచో తక్కినదంతయు సులభము.

విఘ్నేశ్వరుని వాహనమును చంపుట యెట్లని సంకోచించు పుణ్యాత్ములు మనలో గలరు. వారికిని నా మనవి ఇదియే. తిండి పడవేసి పెంచి, పెరిగిన పిదప చంపుటకంటె, పుట్టకుండ చేయుట దయగల పని గదా!

కావున మొదటి పని తిండిని దాచుట. బియ్యము, పప్పులు మూతగట్టిగానుండు రేకు డబ్బాలలో నుంచవలెను. గోనెసంచి ఎలుకకు అడ్డు కాదు. పలుచని ప్లాస్టిక్కు డబ్బాను సైతము అది కొరకగలదు. రాత్రి ఎంగిలి గిన్నెలు తెల్లవారువరకు పడవేయరాదు. కుక్కకు పెట్టిన అన్నము, కోళ్లకు చల్లిన నూకలు, గేదెల తవుడు, కుడితి తొట్టి, ఇవి యన్నియు రాత్రి ఎలుకల విందులే. ప్రొద్దుగ్రుంకకముందు ఊడ్చి ఎత్తివేయుడు. వడ్లగాదె నేలకు రెండున్నర, మూడడుగుల ఎత్తున స్తంభములపై నుండవలెను. ప్రతి స్తంభమునకు బోర్లించిన గరాటువంటి రేకు తొడుగు బిగించినచో ఎలుక ప్రాకలేదు. గాదెకు ఆనించి నిచ్చెన గాని, కట్టెలు గాని, బస్తాలు గాని ఉంచినచో ఆ తొడుగు వ్యర్థము. బస్తాలను గోడకు రెండడుగుల దూరమున, చెక్కబల్లలమీద పేర్చుడు. అప్పుడు వెనుకకు పోయి చూచుటకు వీలుండును. ఎలుకకు చాటు దొరకదు.

రెండవది చోటు లేకుండ చేయుట. చిట్టెలుకకు పెన్సిలు దూరు రంధ్రము చాలును. ఎలుకపిల్లకు బొటనవ్రేలు దూరు సందు చాలును. తలుపు క్రింది సందుకు రేకుపట్టీ కొట్టుడు. నీరుపోవు తూమునకు ఇనుప జల్లెడ వేయుడు. గోడ రంధ్రములను మట్టితో పూడ్చినచో రాత్రికే త్రవ్వివేయును. గాజుపెంకులు, కంకరరాయి దట్టించి పైన సిమెంటు మెత్తవలెను. ఇంటికప్పుమీద వ్రాలిన కొమ్మలను కొట్టివేయవలెను. పిడకల గుట్ట, కట్టెల మోపు, పాత పెంకుల కుప్ప, గడ్డివామి ఇంటిగోడను ఆనుకొనియుండరాదు. గోడచుట్టు రెండుమూడడుగుల మేర ఏమియు లేక శుభ్రముగానున్నచో పందికొక్కు క్రొత్త కలుగు త్రవ్విన మరునాడే మీకంటబడును.

ఇవి చేసిన పిదప బోను పెట్టుడు. అప్పుడది పనిచేయును, తిండి దొరకక తిరుగు ఎలుకకే గదా ఎరపై ఆశ! ఎలుక నడక నెరిగి బోను పెట్టవలెను. అది చీకటిలో మీసములు గోడకు తాకుచుండగా గోడవెంబడియే నడచును. నడచిన దారిలో జిడ్డుచారలు, పెంటికలు కనబడును. గది నడుమ పెట్టిన బోను వ్యర్థము. గోడవెంబడి, ఆ జిడ్డుదారిలోనే పెట్టవలెను. చెక్కకు తీగ బిగించిన కొట్టుబోనైనచో ఎర యున్న కొన గోడవైపు నుండునట్లు అడ్డముగా నుంచవలెను.

ఎలుకకు క్రొత్తవస్తువనిన అనుమానము మెండు. తన దారిలో క్రొత్తగా పెట్టిన దానిని కొన్నిదినములు తాకదు. కావున రెండు మూడు రాత్రులు బోనును బిగింపక, తలుపు తెరచియే యుంచి, ఎర పెట్టుడు. తినుటకు అలవాటు పడనిండు. నాలుగవ రాత్రి బిగింపుడు. అదియు ఒక్క బోను చాలదు. ఒకే రాత్రి ఆరేడు బోనులు పెట్టిన ఫలము ఒక్క బోనును నెలదినములు పెట్టినను రాదు. ఏలయన కొన్ని పడిన పిదప మిగిలినవి జాగ్రత్తపడును. చిట్టెలుక స్వభావము దీనికి విరుద్ధము. అది క్రొత్తవస్తువును చూచుటకు తానే వచ్చును; మొదటి రాత్రియే పడును. ఎరగా కాల్చిన కొబ్బరిముక్క, వేయించిన వేరుశనగ, ఎండుచేప మంచివి. ఇంటిలో సమృద్ధిగా దొరకు వస్తువును ఎరగా పెట్టిన ప్రయోజనము లేదు. వడ్లకొట్టులో వడ్లు ఎర యగునా?

తెల్లవారగానే బోనులు చూడవలెను. పడిన ఎలుకను బోనుతో ఎండలో విడిచి పిల్లలు పుల్లలతో పొడుచుచుండ చూచుట తగదు. గోనెసంచిలోనికి దింపి ఒక్క దెబ్బతో ముగింపవలెను. ప్రక్కవీథిలో విడిచిపెట్టుట జీవకారుణ్యము కాదు, పొరుగువాని యింటికి పంపుట మాత్రమే. చచ్చినదానిని చేతితో తాకక, కఱ్ఱతో గాని, ప్లాస్టిక్కు సంచి తొడుగుకొన్న చేతితో గాని తీసి లోతుగా పూడ్చి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. జిగురు పూసిన అట్టలు కూడ ఇప్పుడు దుకాణములలో అమ్ముచున్నారు. వానిపై అంటుకొన్న ప్రాణి గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది యాతనపడి చచ్చును. బల్లులు, పిచ్చుకలు కూడ అంటుకొనును. అవి మనకు వలదు.

పందికొక్కునకు కలుగే ప్రధానము. సాయంకాలము కలుగుల నోళ్లన్నియు మట్టితో మూసివేయుడు. మరునాడు ఏవి తెరచియున్నవో అవియే కాపురమున్న కలుగులు. తక్కినవానిపై శ్రమ వ్యర్థము. ఈ విద్యలో నెల్లూరు సీమ యానాదులకు మించినవారు లేరు. మట్టికుండలో గడ్డి, పిడకలు వేసి అంటించి, కుండ నోటిని కలుగు నోటికి ఆనించి, అడుగున నున్న చిన్న రంధ్రమునుండి ఊది పొగపెట్టి ఎలుకలను పట్టుట వారి తరతరాల విద్య. ఇట్లు నోటితో ఊదుటవలన పెదవులు కాలుట, ఊపిరితిత్తులు చెడుట కలదు. ఇప్పుడు చేతితో గాలికొట్టు ఇనుప పొగయంత్రములు వచ్చినవి. ఊరిలో ఎలుకలు పట్టువారిని పిలిపించినప్పుడు కూలితోపాటు మర్యాదయు, వీలైనచో అట్టి యంత్రమును సమకూర్చుట గ్రామపెద్దలకు తగిన పని. పొగపెట్టుట బయట, గడ్డివాములకు దూరముగానున్న కలుగులకు మాత్రమే.

మందుల మాట చెప్పకతప్పదు. ఎలుకలపై కోపముతో ఇంటికి నిప్పుపెట్టుకొన్నట్లను సామెత దీనికే తగును. పసుపురంగు భాస్వరపు ముద్ద, నల్లని జింకు ఫాస్ఫైడు పొడి, ఈ రెంటికిని విరుగుడు మందు లేదు. ఇంటిలో క్షణికావేశమున మ్రింగినవారి ప్రాణములు ఎన్నియో ఇవి తీసినవి. వీనిని ఇంటిలో ఉంచనే ఉంచకుడు. అల్యూమినియము ఫాస్ఫైడు బిళ్లల ఆవిరి ఇంకను భయంకరము. శిక్షణ పొందినవారు పొలములో వాడవలసినదే గాని నివాసగృహమున దానికి చోటు లేదు. మందు పెట్టకతప్పనప్పుడు వ్యవసాయాధికారుల సలహాపై బ్రోమోడయొలోను వాడవచ్చును. నూకలు 96 పాళ్లు, వంటనూనె 2 పాళ్లు, పావు శాతపు మందు 2 పాళ్లు కలిపి, చిన్న కాగితపు పొట్లములుగా కట్టి, కాపురమున్న కలుగుల లోపలికి త్రోయవలెను. తిన్న ఎలుక కొన్నిదినముల తరువాత చచ్చును గనుక తక్కినవానికి అనుమానము కలుగదు. దీనికి కె విటమిను విరుగుడు కలదు. అయినను పిల్లలకు, పశువులకు, కోళ్లకు అందకుండ చూచుట, చచ్చిన ఎలుకలను వెదకి పూడ్చుట మరువరాదు. పెరటిచుట్టు, చేనిచుట్టు కరెంటు తీగ వేయుట మాత్రము ఎన్నడును కూడదు. అది చట్టవిరుద్ధము, రాత్రి నీరు పెట్టుటకు పోయిన రైతే దానికి బలి యగుట మనము వినుచున్నాము.

మనకు జీతములేని సేవకులు కొందరు గలరు. పిల్లి చిట్టెలుకలను, ఎలుకపిల్లలను బాగుగా పట్టును గాని, ఎదిగిన పందికొక్కు ముందు వెనుకంజ వేయును. గుడ్లగూబను చూడగానే అపశకునమని రాళ్లు రువ్వుదురు. అది రాత్రియంతయు మన కాపలా కాయుచు ఎలుకలను మ్రింగుచున్నది. దాని గూటిక్రింద పడియున్న ఉండలను విప్పిచూచినచో ఎలుకల ఎముకలు, వెండ్రుకలు కనబడును. జెఱ్ఱిపోతునకు విషము లేదు. ఎలుకలే దాని ముఖ్యాహారము. దీనిని, ముంగిసను, గుడ్లగూబను చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. చట్టముమాట అటుంచినను, కాపలావానిని చంపుకొన్న రైతు దొంగనుగూర్చి మొరపెట్టుకొనుట తగునా?

కడపట ఒక్క సంగతి. ఒక్క యింటివారు ఎంత శ్రమపడినను ప్రక్కయింటి యెలుకలు వచ్చి చేరును. కావున ఇది వీథి పని, ఊరి పని. ఎండకాలమున పొలములు ఖాళీగానుండును. అప్పుడు ఎలుకలు గట్లలోను, గడ్డివాములలోను, ఇండ్లలోను గుమిగూడి యుండును, సంఖ్యయు తక్కువగానుండును. వరి పొట్టకు వచ్చినప్పుడు ఆహారము సమృద్ధియై పిల్లలు పెట్టుట హెచ్చును. ఆ పిదప పట్టిన వందకంటె జ్యేష్ఠమాసములో పట్టిన పది ఎక్కువ. తొలకరికి ముందు ఒక దినము నిర్ణయించుకొని, ఊరంతయు కలుగులు మూసి గుర్తించి, ఒకే వారములో బోనులు, బుట్టలు పెట్టి, గట్లను సన్నముగా చెక్కి శుభ్రపరచినచో ఆ యేడు గాదెలోను చేనిలోను భేదము మీకే తెలియును. పశ్చిమగోదావరి జిల్లా మార్టేరులోని వరి పరిశోధనాస్థానమువారును ఈ సామూహిక పద్ధతినే రైతులకు బోధించుచున్నారు.

ఇట్టి పనికి ఊరివారిని కూడగట్టగలవారు పెద్దలే. పంచాయతి చావడిలో మీరు ఒక్కమాట చెప్పినచో పదిమంది వినెదరు. ఈ రాత్రికి మాత్రము ఒక్క చిన్న పని చేయుడు. పరుండబోవుటకు ముందు లాంతరో, టార్చిలైటో పట్టుకొని వంటయింటిలోను, దొడ్డిలోను ఒకసారి తిరిగి, ఎలుకకు మన మెచ్చటెచ్చట విస్తరి వేసియుంచితిమో చూడుడు. ఆ విస్తరి నెత్తివేయుటయే ఈ యుద్ధములో మొదటి గెలుపు.